ఆరు మీటర్ల అంచు

"ఫ్యాన్ బందు పెట్టుండ్రి" అంటుంది మా మేనకోడలు, వసారా నడుమ నిలబడి. ఆగస్టు ఉక్క. మబ్బు కమ్ముకుని ఉంది గానీ చుక్క రాలడం లేదు. అయినా వదిన లేచి స్విచ్ ఆర్పుతుంది. ఈ సాయంత్రం ఈ ఇంట్లో పెత్తనం పదకొండేళ్ల పిల్లది. ఆమె చేతిలో మూరెడు పైన వెదురు పుల్ల, పుల్ల కొసకు దారంతో బిగించిన పాత చీర అంచు. ఫ్యాన్ గాలికి ఆ అంచు పుల్లకే చుట్టుకుపోతోంది. గాలి ఆగాక మళ్లీ విసురుతుంది. ఈసారి అంచు నేలకు జానెడు ఎత్తున పాములా మెలికలు తిరిగి, మూలనున్న బియ్యం డబ్బాకు తగిలి కుప్పకూలుతుంది.

గడప మీద కూర్చోకండి, మా అమ్మ ఊరుకోదు. ఇటు నులక మంచం మీదికి రండి. చెంబుకు ఆనించి పెట్టిన ఫోన్ ఇక్కడినుంచే బాగా కనిపిస్తుంది.

ఇది తిమ్మాజిపేట. 2016 దాకా పాలమూరు జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. బస్సు దిగి వచ్చేటప్పుడు చూశారు కదా, ఎటు తిరిగినా మోకాలెత్తు పత్తి. రోజు శుక్రవారం, 2024 ఆగస్టు 9. నాగుల పంచమి. నేను హైదరాబాద్ నుంచి వచ్చింది అన్న కండ్లు కడగడానికి. పొద్దున పుట్టకు పాలు పోసి, ఆ పాలతో అన్న కండ్లు తుడిచి, నువ్వులు, బెల్లం, జొన్న ప్యాలాలు పంచుకోవడం అయిపోయింది. అన్న పండుగ పండుగే, పని పనే అని చేనుకు పోయాడు. ఇప్పుడు ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఆరింటికి పారిస్‌లో రిథమిక్ జిమ్నాస్టిక్స్ వ్యక్తిగత ఫైనల్. అక్కడ పట్టపగలు రెండున్నర.

ఊళ్లో ఈ వారమంతా మాటలు గ్రాముల మీదే. వంద గ్రాములు ఎక్కువ తూగిందని బుధవారం వినేశ్ ఫోగట్‌ను కుస్తీ ఫైనల్ ఆడనివ్వలేదు. టీ కొట్టు దగ్గర కాటా లెక్కలు చెప్పని మగవాడు లేడు. నిన్న హాకీకి కంచు వచ్చింది, రాత్రి నీరజ్ చోప్రా 89.45 మీటర్లు విసిరి వెండి తెచ్చాడు. ఈ రాత్రికి అమన్ సెహ్రావత్ కుస్తీ ఉంది. వీటి నడుమ రిబ్బన్ ఆట కోసం ఫ్యాన్ ఆర్పుకుని కూర్చున్న ఇల్లు మండలంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

"మనోళ్లు ఎవలాడుతుండ్రే?" అని అడుగుతుంది అమ్మ, చాటలో ప్యాలాల పొట్టు ఊదుతూ.

"మనోళ్లు లేరు నాయినమ్మా."

"లేనిదానికి ఏంటికి సూసుడు మరి?"

పిల్ల నావైపు చూస్తుంది. జవాబు నేను చెప్పాలని. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, ఆఫీసులో, బస్సులో, ఇంట్లో. ఒలింపిక్స్‌లో రిథమిక్ జిమ్నాస్టిక్స్ 1984 నుంచి ఉంది. ఇన్నేళ్లలో ఆ తివాచీ మీద మన దేశపు పిల్ల ఒక్కతీ కాలు పెట్టలేదు. మనవాళ్లు లేని ఆటను చూడటానికి కూర్చున్నవాడు ఎవరో ఒకరిని ఎంచుకోవాలి. నేను బల్గేరియాను ఎంచుకున్నాను. ఎందుకని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. కాసేపు కూర్చోండి, మీకే తెలుస్తుంది.

ఫోన్ తెర మీద ఇసుక రంగు వెలుతురు. పోర్ట్ ద లా షపెల్ హాలు. నడుమ పదమూడు మీటర్లు, పదమూడు మీటర్ల చదరం. మా అమ్మకు చెప్పాలంటే, ఒక కల్లం అంత జాగా. ఆ కల్లంలో ఒక్కో పిల్ల నాలుగుసార్లు వచ్చి ఆడుతుంది: హూప్, బంతి, క్లబ్స్, రిబ్బన్. ఒక్కోసారి నిమిషంన్నరకు మించకూడదు. టోక్యో తర్వాత మూడేళ్లు చేసిన చాకిరీ అంతా కలిపి ఆరు నిమిషాలు. ఫైనల్లో పదిమంది.

పదిమందిలో నేను చూస్తున్నది బొరియానా కలేయిన్‌ను. సోఫియా అమ్మాయి. ఇంకో రెండు వారాలకు ఇరవై నాలుగు నిండుతాయి. ఈ ఆటలో అది పెద్ద వయసు. టోక్యోలో ఐదో స్థానం. ఆమెకు ఎదురు జర్మనీ తరఫున డారియా వర్ఫోలొమేయెవ్. సైబీరియాలోని బర్నావుల్‌లో పుట్టి, పన్నెండేళ్లప్పుడు జర్మనీ చేరింది. ఇప్పుడు పదిహేడు. నిరుడు వాలెన్సియా ప్రపంచ పోటీల్లో ఉన్న ఐదు బంగారాలూ ఊడ్చుకుపోయింది. ఇంకొకతి ఇటలీ పిల్ల సోఫియా రఫాయెలి, 2022 ప్రపంచ విజేత, కాగితం తయారీకి పేరున్న ఫబ్రియానో ఊరి క్లబ్బులో తయారైంది. రష్యా, బెలారుస్ వాళ్లు ఈసారి లేరు, యుద్ధం కారణంగా.

లేనివాళ్లలో ఇంకొకతి ఉంది, ఆమె లేకపోవడం మాత్రం నాకు ముల్లులా గుచ్చుతోంది. స్టిలియానా నికొలోవా. బల్గేరియాదే. ఈ ఏడాదే బుడాపెస్ట్‌లో యూరప్ విజేత అయింది. నిన్నటి క్వాలిఫయింగ్‌లో తప్పులు దొర్లి పదిమందిలోకి రాలేకపోయింది. నిన్న ఆఫీసులో ఫోన్ బల్ల కింద పెట్టుకుని చూశాను. నాకే గొంతు పట్టేసింది.

మొదలైంది.

హూప్ అంటే ఏమీ లేదు, మీరు చిన్నప్పుడు పుల్లతో కొట్టుకుంటూ తోలిన సైకిల్ టైరే. అడ్డంగా ఎనభై, తొంభై సెంటీమీటర్లు. కాకపోతే వీళ్లు దాన్ని తోలరు. మెడ మీద, నడుము మీద, ఎత్తిన పాదం మీద తిప్పుతారు. ఒక భుజం నుంచి రెండో భుజానికి వీపు మీదుగా దొర్లిస్తారు. తర్వాత ఒక్కసారిగా ఇంటి దూలమంత ఎత్తుకు విసిరి, అది దిగేలోపు కింద రెండు గిరికీలైనా కొట్టి, చూడకుండా పట్టుకుంటారు. ఈ విసురును వాళ్ల భాషలో రిస్క్ అంటారు. నాకు ఈ ఆటలో ప్రాణం పోయేదీ వచ్చేదీ అక్కడే. ఒళ్లు విల్లులా వంచడం కాదు. సర్కస్‌లోనూ వంచుతారు. వస్తువు గాల్లో, పిల్ల నేల మీద, కళ్లు వేరే దిక్కున. ఆ అరక్షణం.

కలేయిన్ వస్తుంది. హూప్ పైకి లేస్తుంది. ఆమె ముందుకు దొర్లుతుంది. బొమ్మ ఆగిపోయింది.

హూప్ అక్కడే గాల్లో. ఆమె సగం బోర్లా. తెర నడుమ ఒక చిన్న సున్నా గిరగిరా తిరుగుతోంది. 

"పట్టిందా, పడ్డదా?" అమ్మ చాట పక్కన పెట్టింది.

"ఏమో నాయినమ్మా, నెట్టు పోయింది."

"గాలిలనే ఉంచిండ్రు గదనే పాపం!"

పిల్ల ఫోన్ ఎత్తుకుని వాకిట్లోకి పరిగెత్తి, వేపచెట్టు కింద చేయి చాచి నిలబడింది. ఆ చెట్టు కింద సిగ్నల్ ఎందుకు బాగుంటుందో ఎవరికీ తెలియదు గానీ, ఉంటుంది. మేమందరం మంచం ఎత్తుకుని చెట్టు కిందికి వచ్చాం. మీరూ ఒక కోడు పట్టారు, గుర్తుందా. బొమ్మ కదిలేసరికి ఆమె ఆట అయిపోయి, చెమట తుడుచుకుంటూ మార్కుల కోసం కూర్చుని ఉంది. ముఖం చూస్తే పట్టుకున్నట్టే ఉంది.

"బొక్కలున్నయా లేవా గీ పోరిలకు?" అంది అమ్మ తర్వాత ఇంకో పిల్లను చూసి. ఆ మాటతోనే ఆమెకు ఏదో గుర్తొచ్చింది. "ఎనుకట దొమ్మరోళ్లు వస్తుండ్రి మన ఊరికి. గడ పాతి, మీదికెక్కి, పొట్ట మీద పండుకొని గిరగిర తిరుగుతుండె ఒక పిల్ల. గీమె కంటే చిన్నది." పిల్లను చూపించింది. "కింద డప్పు కొడుతుండె వాళ్ల నాయిన."

"ఎన్ని పాయింట్లు వస్తుండె?" అని నవ్వింది మేనకోడలు.

"సాటెడు జొన్నలు" అంది అమ్మ. నవ్వలేదు.

నేను ఆ గడ చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికి వాళ్ల రాక తగ్గిపోయింది. వంగే ఒళ్లు, తప్పని పట్టు, వెనక వాయిద్యం, ఇవన్నీ మనకు కొత్త కాదని మాత్రం ఆ క్షణాన తట్టింది. కొత్తవి రెండే: కింద పరిచిన తివాచీ, పక్కన కూర్చున్న న్యాయనిర్ణేతలు. ఈ రెండూ ఉంటే అది ఆట. లేకపోతే పొట్టకూటి పని.

బంతి వచ్చింది. ఇందులో నాకిష్టమైన నియమం ఒకటుంది. బంతిని వేళ్లతో గుంజి పట్టుకోకూడదు. అరచేతిలో అది ఊరికే కూర్చున్నట్టు ఉండాలి. నాలుగు వందల గ్రాములకు తగ్గని బంతి, ఒక చేతి గోటి నుంచి ఛాతీ మీదుగా రెండో చేతి గోటి దాకా దొర్లుతుంది, పిల్లి ఇంటి కప్పు దాటినట్టు. బల్గేరియా వాళ్లకు బంతితో పాత చుట్టరికం అనిపిస్తుంది నాకు. ఆ మాటకొస్తే టోక్యో కూడా ఈ వాకిట్లోనే చూశాం, నేనూ ఈ పిల్లా.

2021 ఆగస్టు 8, ఆదివారం. ఆషాఢ అమావాస్య. ముందురోజు సాయంత్రం నీరజ్ బంగారం తెచ్చాడు, ఊళ్లో పటాకులు పేలాయి. తెల్లారి ఏడున్నరకు అందరూ ఇంకా నిన్నటి ఈటె మాటల్లోనే ఉంటే, నేను ఎనిమిదేళ్ల పిల్లను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాను. కరోనా వల్ల ఆఫీసు ఇంటినుంచే, ఇల్లంటే ఇదే. టోక్యోలో అరియాకె జిమ్నాస్టిక్స్ సెంటర్, చెక్క దూలాల పైకప్పు, కింద కుర్చీలన్నీ ఖాళీ. చప్పట్లు లేవు కాబట్టి బంతి నేలను తాకిన శబ్దం కూడా వినిపించేది. బృంద పోటీ. ఒకసారి ఐదుగురికి ఐదు బంతులు, ఇంకోసారి మూడు హూప్‌లు, రెండు జతల క్లబ్స్.

సిమోనా ద్యాంకోవా, స్టెఫనీ కిర్యాకోవా, మాడ్లెన్ రదుకనోవా, లారా త్రాత్స్, ఎరికా జఫిరోవా. కోచ్ వెసెలా దిమిత్రోవా. ఈ పేర్లు నాకు మా వీధి పేర్లలా నోటికి వచ్చు. ఐదుగురు ఐదు మూలల నుంచి ఒకేసారి బంతులు విసురుతారు. ఎవరూ తన బంతిని తాను పట్టరు. ఒకరిది ఇంకొకరికి. బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్లు కలవడానికి మనకు లెక్క అక్కర్లేదు కదా, పక్కామె ఊపిరి చాలు. మీరు జడ కోలాటం చూసి ఉంటే ఇంకా బాగా అర్థమవుతుంది. నడుమ పైనుంచి వేలాడే తాళ్లు, ఒక్కో తాడు ఒక్కొక్కరి చేతిలో, తిరుగుతూ తిరుగుతూ జడ అల్లుతారు, మళ్లీ వెనక్కి తిరిగి విప్పుతారు. ఒక్కరు అడుగు తప్పితే జడ ముడిపడుతుంది. బల్గేరియా ఐదుగురి మధ్య తాళ్లు కనిపించవు. అంతే తేడా.

ఆ పొద్దున వాళ్లకు 92.100 వచ్చింది. రష్యన్లకు 90.700. ఇటలీ 87.700తో మూడో స్థానం. "తొంభై రెండంటే వందకా అత్తా?" అని అడిగింది పిల్ల. వందకు కాదు, దేనికీ కాదు. కష్టానికి ఇచ్చే మార్కులకు అప్పట్లో పైహద్దే లేదు. ఎన్ని విన్యాసాలు కుక్కితే అన్ని. దానివల్ల ఆ నాలుగైదేళ్లలో చాలామంది ఆట నాకు సంతలో సామాన్లు సర్దినట్టు ఉండేది. ఊపిరి పీల్చే సందు లేదు, పాట వెనకాల ఎక్కడో పరిగెత్తుతోంది. 2022 నుంచి కళకు విడిగా మార్కులు పెట్టారు. ఆ గందరగోళంలో కూడా పాట వింటూ ఆడిన జట్టు బల్గేరియాదని నా అభిప్రాయం. రష్యా అభిమానులు ఒప్పుకోరు. సిడ్నీ 2000 నుంచి రియో 2016 దాకా ఐదు ఒలింపిక్స్‌లో బృంద బంగారమూ, వ్యక్తిగత బంగారమూ రెండూ రష్యావే. టోక్యోలో రెండు రోజుల్లో రెండూ పోయాయి. ముందురోజు వ్యక్తిగత పోటీలో ఇజ్రాయెల్ అమ్మాయి లినోయ్ అష్రామ్ 107.800, దీనా అవెరినా 107.650. అష్రామ్ చేతిలోంచి రిబ్బన్ జారింది కూడా. అయినా గెలిచింది. నెలల తరబడి గొడవ నడిచింది.

తేడా 0.150. ఈ అంకె మీరు ఇంకెక్కడో విన్నారు. రియోలో దీపా కర్మాకర్ వాల్ట్‌లో 15.066 చేసింది, మూడో స్థానంలో ఉన్న స్విట్జర్లాండ్ అమ్మాయికి 15.216. అదే 0.150. ఒకచోట బంగారానికీ వెండికీ మధ్య, ఇంకోచోట కంచుకూ ఉత్తచేతులకూ మధ్య. దీనా అవెరినా ఏడుస్తుంటే ప్రపంచమంతా చూసింది గానీ, నాకు మాత్రం దీపా గుర్తొచ్చింది.

క్లబ్స్ మొదలయ్యాయి. చూడండి, ఇవి చిన్న రోకళ్లలా ఉంటాయి. జోడు. ఒక్కోటి నూట యాభై గ్రాములు.

"వంద గ్రాములకే గంత లొల్లాయె" అంది వదిన వంటింట్లోంచి.

గ్రాముల మాట వస్తే ఈ ఆట అభిమానికి తల దించుకోవాల్సి ఉంటుంది. ఈ పిల్లలు ఎంత సన్నగా ఉంటారో చూస్తున్నారు కదా. 2022లో ఇటలీ మాజీ క్రీడాకారిణులు కొందరు బయటికొచ్చి, రోజూ కాటా ఎక్కించి బరువు పేరుతో అవమానించేవారని ఆరోపించారు. అప్పటినుంచి ప్రతి ఆటలో నా కన్ను ముందు ముఖం మీద పడి, తర్వాతే వస్తువు మీదికి పోతుంది. ఆ పిల్ల తిన్నదా అని. తెరలోంచి తెలియదు. అయినా చూస్తాను. వదిన ఈలోపు పిల్లకు బెల్లం ప్యాలాలు ఇంకో గుప్పెడు పెట్టింది. అది మంచి పనే.

రెండు విడతల మధ్య ఖాళీ. ఈ ఖాళీలోనే మీకు కాస్త పాత కథ చెప్పాలి. బల్గేరియా జనాభా అరవై ఐదు లక్షలు. ఒక్క హైదరాబాద్‌లో అంతకన్నా ఎక్కువ మందే ఉంటారు. ఆ చిన్న దేశం నుంచి మరియా గిగోవా 1969, 71, 73లలో వరసగా మూడుసార్లు ప్రపంచ విజేత. ఆమెను తీర్చిదిద్దిన తరం కోచ్ జూలియెటా షిష్మనోవా 1978 మార్చి 16న విమాన ప్రమాదంలో పోయింది. అదే విమానంలో జట్టు పిల్లలు కూడా ఉన్నారు. వార్సా వెళ్లాల్సిన విమానం, బయలుదేరిన కాసేపటికే వ్రాత్సా దగ్గర కూలింది. 73 మంది. అక్కడితో ఆ దేశంలో ఈ ఆట ముగిసిపోయి ఉండాల్సింది. కానీ నెష్కా రొబెవా అనే మాజీ క్రీడాకారిణి దాన్ని నిలబెట్టింది. ఎనభైల్లో ఆమె పిల్లలను లోకం బంగారు పిల్లలని పిలిచింది: అనెలియా రలెంకోవా, లిలియా ఇగ్నాతోవా, దిలియానా గెయోర్గీవా, బియాంకా పనోవా, అద్రియానా దునవ్‌స్కా.

వీళ్లలో పనోవా కథ నన్ను వదలదు. 1987లో వర్నా ప్రపంచ పోటీలు, సొంత గడ్డ. అప్పట్లో పదికి పదే గరిష్ఠం. ఆడిన ప్రతిసారీ పదికి పది. ఉన్న బంగారాలన్నీ ఆమెవే. మరుసటి ఏడు సియోల్ ఒలింపిక్స్. ఆమెదే అని అందరూ రాసి పెట్టుకున్నారు. ఒక్క క్లబ్ చేజారింది. నాలుగో స్థానం. దునవ్‌స్కాకు వెండి వచ్చింది. ఆ తర్వాత మరియా పెత్రోవా 93, 94, 95లలో మూడుసార్లు ప్రపంచ విజేత అయి కూడా ఒలింపిక్ పతకం లేకుండానే ఇంటికి పోయింది. బృందాలకు పతకాలు వచ్చాయి, ఒంటరిగా నిలబడ్డ పిల్లకు మాత్రం సియోల్ తర్వాత రాలేదు. 36 ఏళ్లు. ఇదిగో, ఇప్పుడు కలేయిన్ రిబ్బన్ చేత్తో పట్టుకుని చివరి విడతకు నడుస్తున్నప్పుడు ఆమె వీపు మీద ఆ లెక్కంతా ఉంది.

"అత్తా, మనోళ్లు ఎప్పటికీ ఆడలేదా ఇది?" పిల్లకు నాయినమ్మ ప్రశ్న ఇంకా లోపల తిరుగుతూనే ఉన్నట్టుంది.

ఆడారు. ఒలింపిక్స్‌లో కాదు, కామన్వెల్త్ క్రీడల్లో. 2018 ఏప్రిల్, ఆస్ట్రేలియాలో గోల్డ్ కోస్ట్. మన హైదరాబాద్ అమ్మాయి మేఘనా రెడ్డి గుండ్లపల్లి, ఇవే నాలుగు వస్తువులతో. ఆ క్రీడల్లో రిథమిక్‌లో మన దేశానికి ఆమె ఒక్కతే. సైప్రస్ అమ్మాయి దియమాంతో ఎవ్రిపిదౌ బంగారాలు ఎత్తుకుపోయిన పోటీ అది. మేఘనకు పతకం రాలేదు. అయినా ఆ రోజు తెర మీద ఆ పేరు, పక్కన మూడు రంగుల జెండా చూసి నేను ఒంటరి గదిలో లేచి నిలబడ్డాను. ఆ ఏడాదే ఫిబ్రవరిలో ఇంకో హైదరాబాద్ పిల్ల బుద్దా అరుణా రెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్ కంచు గెలిచింది. అది వేరే రకం జిమ్నాస్టిక్స్, దీపా ఆడేది. రెండు నెలల్లో రెండు. ఆ రెండు నెలలూ నన్నెవరూ మనోళ్లెవరని అడగలేదు.

"నేను పోతా" అంది పిల్ల. ఎక్కడికని అడగలేదు నేను. హైదరాబాద్ పోతే తివాచీ ఉంటుంది, బస్సుకు మూడు గంటలు, ఉండడానికి నా ఒంటిగది. ఈ ఊరి బడి ఆవరణలో కంకర. పిల్లకు పదకొండు. వర్ఫోలొమేయెవ్ ఈ వయసుకు ఏళ్ల తరబడి నేర్చుకుంటూ ఉంది. ఈ లెక్కలన్నీ నా మనసులో తిరిగాయి. పైకి మాత్రం, "చూడు, రిబ్బన్ వస్తున్నది" అన్నాను.

రిబ్బన్ పొడుగు ఆరు మీటర్లు. రవిక ముక్కతో కలిపి చీర ఎంతో అంత. వెడల్పు మూడు వేళ్లు. అంటే చీరకు అంచు విప్పి కట్టెకు కట్టినట్టే. ఈ ఉపమానం నాది కాదు, మేనకోడలు చేసి చూపించింది. ఆమె పుల్లకు ఉన్నది మా అమ్మ గద్వాల చీర అంచు. నడుమ నూలు చీలికలైంది గానీ పట్టు అంచు నిక్కంగా ఉంది. అడగకుండా కత్తిరించింది. రెండు రోజులు నాయినమ్మ మాట్లాడలేదట. మూడో రోజు తనే దారం తెచ్చి పుల్లకు గట్టిగా కట్టి ఇచ్చిందట.

అన్నిటిలో తేలికైంది ఇదే, అన్నిటిలో మొండిదీ ఇదే. మిగతావి విసిరిన చోటికి పోతాయి. రిబ్బన్ గాలి చెప్పిన చోటికి పోతుంది. హాల్లో ఏసీ గాలి కూడా దానికి పగే. ముడి పడితే మార్కులు కోత. చెయ్యి ఒక్క క్షణం ఆగినా అది చచ్చిన పాము. నాగుల పంచమి నాడు ఆ మాట అనకూడదు, లెంపలేసుకుంటున్నాను.

వాకిట్లో వెలుగు తగ్గింది. వీధి లైటు ఇంకా వేయలేదు. ఆరుగురం ఒక అరచేతంత వెలుతురు చుట్టూ మూగాం. అన్న చేనునుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే వెనక నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. కలేయిన్ మొదలుపెట్టింది. రిబ్బన్ మొదట సుడి, తర్వాత అల, తర్వాత ఆమె చుట్టూ గూడు. పుల్ల గాల్లోకి లేచింది. దాని వెనక ఆరు మీటర్లూ, తోకచుక్కలా.

"ఆగకే... ఆగకే..." అంటోంది అమ్మ. ఫోన్‌ను.

ఆగలేదు. పుల్ల చేతిలో పడింది.

లెక్కలు తేలేసరికి వర్ఫోలొమేయెవ్ 142.850, బంగారం. కలేయిన్ 140.600. రఫాయెలి 136.300. దునవ్‌స్కా తర్వాత 36 ఏళ్లకు ఒంటరిగా ఆడిన బల్గేరియా పిల్ల మెడలో ఒలింపిక్ పతకం. వెండి. ఈ వారం వెండి ఎంత తియ్యగా ఉంటుందో, ఎంత చేదుగా ఉంటుందో నిన్న రాత్రే నీరజ్ ముఖంలో చూశాం. ఈమె ముఖంలో చేదేమీ కనిపించలేదు నాకు.

"మన పోరికి రెండోది వచ్చిందా?" అని అడిగింది అమ్మ.

నేనూ పిల్లా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇద్దరమూ సరిదిద్దలేదు.

రాత్రి పదిన్నర దాటాక అమన్‌కు కంచు వచ్చింది. ఊరంతా మేలుకునే ఉంది అప్పటికి. టీ కొట్టు దగ్గర మళ్లీ గ్రాములు.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం బస్సెక్కాను, జడ్చర్లలో దిగి హైదరాబాద్ బస్సు. మీకు కిటికీ సీటు ఇచ్చాను. ఐదున్నరకు బృంద ఫైనల్. నిన్న మధ్యాహ్నం క్వాలిఫయింగ్‌లో బల్గేరియాదే మొదటి స్థానం, అందుకే నా కాళ్లు నిలవడం లేదు. కొత్త ఐదుగురు, టోక్యో వాళ్లు ఎప్పుడో తప్పుకున్నారు. ఒకసారి ఐదు హూప్‌లు, ఇంకోసారి మూడు రిబ్బన్లు, రెండు బంతులు. షాద్‌నగర్ దాటేదాకా సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ముక్కలు ముక్కలుగా చూశాం. చివరికి ఫలితాల పట్టీ ఒక్కటే నిలకడగా వచ్చింది. చైనా 69.800. ఇజ్రాయెల్ 68.850. ఇటలీ 68.100. ఈ పోటీలో యూరప్ బయటి జట్టుకు బంగారం రావడం ఇదే మొదలు. 1996 నుంచి స్పెయిన్, రష్యా, బల్గేరియాలవే. మామూలుగా అయితే ఆసియా గెలిచిందని నేను సంతోషించాలి. పట్టీ కిందికి జరుపుతూ పోయాను. పతకాల్లో బల్గేరియా లేదు.

ఫోన్ మోగింది. ఇంటినుంచి.

"అత్తా, మనోళ్లకు రాలే."

"చూసినవా?"

"చెట్టు కిందనే చూసినం. నాయినమ్మ కూడ చూసింది." కాసేపు మాట్లాడలేదు. పుల్ల గాలిని కోసిన చప్పుడు వినిపించింది, ఆ వెంటే ఏదో డబ్బాకు తగిలినట్టు.

వెనకనుంచి అమ్మ గొంతు, గట్టిగా: "ఉడికి సస్తున్నం, మళ్ల ఎవలు బందు పెట్టిండ్రే ఫ్యాను?"